ఫొటోలో లేని నాలుగోవాడు

బెజవాడలో ఏలూరు కాలువకి దగ్గర్లో ఒక కాలనీ. అక్కడి సంక్షేమ సంఘం ఈమధ్య మూడు ముక్కల తీర్మానం ఒకటి రాసుకుంది. కార్పొరేషన్ పార్కుకి సాయంత్రం ఆరున్నరకల్లా తాళం పడాలి. పార్కు పిట్టగోడ మీద రోజూ కూర్చునే కుర్రాళ్ల పేర్లు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, ‘ఒకసారి పిలిపించి గట్టిగా చెప్పండి’ అని కోరాలి. వాళ్ల ఫొటో కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. మూడోది తీర్మానం పాసవకుండానే జరిగిపోయింది.

సంఘం కార్యదర్శి రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఆయనకి వరసకి అన్న కూతురు అదే వీధిలో ఉంటుంది. లాయరు. కొంతకాలం బాలల న్యాయ మండలిలో సభ్యురాలిగా కూడా పనిచేసింది. తీర్మానం మీద సంతకం పెట్టనని ఆవిడ అడ్డం తిరిగింది. ఆయన ఇంటి వరండాలో ఇద్దరూ వాదించుకుంటుంటే పక్కన కుర్చీ వేసుకుని విన్నాను. పేపర్లో ఇలాంటి వ్యవహారం ‘ఆకతాయిల ఆగడాలు’ అన్న హెడ్డింగు కింద నాలుగు లైన్లలో అయిపోతుంది. మనుషులు మాట్లాడుకునేటప్పుడు అంత తొందరగా తేలదు.

కార్యదర్శి: ముందు ఒక్కమాట చెప్పమ్మా. మొన్న రాత్రి పదకొండున్నరకి సైలెన్సర్ పీకేసిన బండి మన వీధిలో అటూ ఇటూ తిరిగిందా, లేదా?

లాయరు: తిరిగింది బాబాయ్. అమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది. మళ్లీ నిద్రపోలేదు.

కార్యదర్శి: పార్కులో ఊయల గొలుసు తెగ్గొట్టిందెవరు? జారుడుబల్ల కింద సీసాలు పగలగొట్టిందెవరు? వాకింగ్‌కెళ్లే ఆడవాళ్లు పార్కు మానేసి గుడి చుట్టూ తిరుగుతున్నారు. మా మనవరాలు ట్యూషన్ నుంచి ఆ గోడ పక్కగా రావడం మానేసి మెయిన్ రోడ్డు మీదుగా వస్తోంది. అడిగితే ‘ఏం లేదు తాతయ్యా, ఊరికే’ అంటుంది. ఊరికే ఎవరైనా అంత దూరం చుట్టు తిరిగొస్తారా? నువ్వేమో వాళ్లని ‘పిల్లలు’ అంటావు. ఆ పిల్లలకి గడ్డాలొచ్చాయి.

లాయరు: ఇందులో ఒక్కటీ కాదనను. కానీ మీరు చెప్పినవి నాలుగు రకాల పనులు. బండి మోత ఒకటి, ఆస్తి పాడుచెయ్యడం ఒకటి, తాగడం ఒకటి, ఆడపిల్లల్ని ఇబ్బంది పెట్టడం ఇంకొకటి. దేని చట్టం దానికుంది. చేసినవాళ్లూ వేరువేరు అయ్యుండొచ్చు. మీ తీర్మానంలో మాత్రం నేరం ఒక్కటే రాశారు: గోడ మీద కూర్చోవడం.

కార్యదర్శి: అన్నీ మొదలయ్యేది అక్కడేనమ్మా. మొక్కై వంగనిది మానై వంగుతుందా? మా అల్లుడు ఒక వ్యాసం పంపాడు. 1982లో అమెరికాలో విల్సన్, కెల్లింగ్ అని ఇద్దరు రాశారట. కిటికీ అద్దం ఒకటి పగిలితే దాన్ని అలాగే వదిలేశారనుకో, ఇక్కడ అడిగే దిక్కులేదని అందరికీ తెలిసిపోయి మిగతా అద్దాలూ పగులుతాయట. చిన్నదాన్ని చూసీచూడనట్టు పోతే పెద్దది నెత్తి మీదికొస్తుంది.

లాయరు: ఆ వ్యాసం నేనూ చదివాను. పోలీసులు వీధిలో నడుస్తూ కనిపించాలని కూడా అందులో ఉంది, ఒప్పుకుంటా. కానీ అద్దం సంగతి మనమెంత పట్టించుకున్నాం? పార్కులో లైట్లు వేసవి నుంచీ వెలగడం లేదు. తెగిన ఊయల తెగినట్టే వేలాడుతోంది. అద్దాన్ని వదిలేసి దాని పక్కన నిలబడ్డ కుర్రాడికి ఫొటో తీశాం.

కార్యదర్శి: లైట్ల కోసం కార్పొరేషన్‌కి రాసిన కాగితాలు చూపించమంటావా? ఫైలు ఫైలంతా ఉంది. అసలు నీకు బెజవాడ సంగతి తెలియదమ్మా, నీకు ఊహ తెలిసేసరికి అంతా చల్లారింది. కాలేజీల్లో విద్యార్థి సంఘాల దగ్గర మొదలైన గొడవలు కాదూ ఈ ఊరిని రెండు ముక్కలు చేసింది? 1988 డిసెంబర్ 26న నిరాహారదీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి రంగాని చంపేశారు. ఊరు తగలబడింది. కర్ఫ్యూ పెట్టారు. డ్యూటీ దిగి ఇంటికొచ్చే దారిలేక నేను స్టేషన్‌లోనే పడుకున్నాను. నలుగురు కుర్రాళ్లు ఒకచోట కూడితే నాకు అది గుర్తొస్తుంది. తప్పా?

లాయరు: తప్పు కాదు. ఆ కథ నాన్న దగ్గర చాలాసార్లు విన్నాను. కాకపోతే నాకు అందులో ఇంకొకటి కనిపిస్తుంది. ఆ కుర్రాళ్లు కాలేజీ మెట్ల మీద కూర్చున్నందుకు అలా తయారవలేదు. వాళ్లతో పనిపడ్డ పెద్దలు ఉన్నారు. అంత పాతది ఎందుకు, 2020 మే నెలాఖరున, లాక్‌డౌన్ రోజుల్లో, పటమటలో రెండు గుంపులు కత్తులతో కొట్టుకున్నాయి, ఒకతను పోయాడు. పేపర్లన్నీ గ్యాంగ్ వార్ అని రాశాయి. దాని మూలం ఒక అపార్ట్‌మెంటు సెటిల్మెంటు దగ్గరుందని కూడా ఆ పేపర్లే రాశాయి. అపార్ట్‌మెంటు తగాదా పిల్లకాయలది కాదు కదా.

కార్యదర్శి: అందుకేనమ్మా, అలాంటి పెద్దల చేతికి చిక్కకముందే భయం చెప్పాలంటున్నది. 2015లో హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులు ‘ఆపరేషన్ చబుత్రా’ పెట్టారు. రాత్రిపూట అరుగుల మీద ఊసుపోక కూర్చున్న కుర్రాళ్లని తీసుకెళ్లి, తల్లిదండ్రుల్ని పిలిపించి, వాళ్ల ఎదుటే బుద్ధి చెప్పి పంపారు. అందులో తప్పేముంది?

లాయరు: అర్ధరాత్రి పదిహేనేళ్లవాడు వీధిలో ఉంటే ఇంట్లోవాళ్లని లేపి చెప్పడం తప్పనను. మీరు అడుగుతున్నది అది కాదు. సాయంత్రం ఏడింటికి పార్కులో కూర్చున్నందుకు స్టేషన్‌కి పిలిపించమంటున్నారు. ఇక భయం సంగతంటారా, అమెరికాలో దాన్ని బాగా పరీక్షించి చూశారు. 1978లో ‘స్కేర్డ్ స్ట్రెయిట్’ అని ఒక డాక్యుమెంటరీ వచ్చింది. దారి తప్పుతున్న కుర్రాళ్లని న్యూజెర్సీలో రావే జైలుకి తీసుకెళ్లి, యావజ్జీవ ఖైదీల చేత కేకలేయించి బెదిరించడం. సినిమాకి ఆస్కార్ వచ్చింది, దేశమంతా ఆ పద్ధతి మొదలుపెట్టారు. తర్వాత కొందరిని తీసుకెళ్లి, కొందరిని తీసుకెళ్లకుండా పోల్చి చూశారు. జైలు చూసొచ్చినవాళ్లే ఎక్కువ నేరాలు చేశారు.

కార్యదర్శి: మన దగ్గర ఇంటి పరువని ఒకటుంటుంది. అమెరికా లెక్క ఇక్కడ పనికిరాదు.

లాయరు: పరువున్న ఇంటి కుర్రాడికి స్టేషన్ అక్కర్లేదు బాబాయ్, తండ్రితో చెబితే చాలు. పరువు లేదని మనం ముందే తేల్చేసిన ఇంటి కుర్రాణ్ని స్టేషన్‌కి పంపుతాం. ఒకసారి వెళ్లొచ్చాక వీధిలో వాడికొక పేరు వస్తుంది. ‘వాడా, స్టేషన్ కేసు.’ ఆ తర్వాత సెల్‌ఫోన్ పోయినా, బండి పోయినా ముందు వాడింటి తలుపే కొడతారు.

కార్యదర్శి: సరే, ఇంగ్లండులో అయితే కోర్టులే ఆర్డర్లిచ్చాయటగా, ఫలానావాడు ఫలానా వీధిలోకి రాకూడదని. మా తోడల్లుడి కొడుకు అక్కడే ఉన్నాడు. నాగరికులైనవాళ్లే అంత కఠినంగా ఉంటే మనకేం?

లాయరు: ఇచ్చారు. 1998లో చట్టం చేశారు, ఎ.ఎస్.బి.ఓ. అనేవారు. పదేళ్ల పిల్లల మీద కూడా ఇవ్వొచ్చు. ఆర్డరు సివిల్‌దే, దాన్ని తప్పితే మాత్రం జైలు. 2013 చివరికి ఇంగ్లండ్, వేల్స్‌లో 24 వేలకి పైగా ఇచ్చారు. అందులో 58 శాతం మంది కనీసం ఒక్కసారైనా ఉల్లంఘించారు. కొందరు కుర్రాళ్లకి అదొక బిరుదు అయిపోయింది. 2014లో ఇంకో చట్టం చేసి ఆ ఆర్డర్ల స్థానంలో వేరేవి తెచ్చుకున్నారు.

కార్యదర్శి: యాభై ఎనిమిది మంది వినలేదంటే నలభై రెండు మంది విన్నారనేగా! నాకు నలభై రెండు చాలు. ఊయల గొలుసు మిగులుతుంది.

(లాయరమ్మ నవ్వేసింది. దీనికి ఆవిడ దగ్గర జవాబు లేదు. నాకూ తోచలేదు. శాతాలతో వాదించేవాళ్లు అవతలి శాతాన్ని కూడా జేబులో పెట్టుకుని రావాలి.)

లాయరు: ఇంకో లెక్క చెబుతా, వినండి. న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊళ్లో 1972, 73ల్లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని చిన్నప్పటి నుంచీ గమనిస్తూ వస్తున్నారు. టెరీ మోఫిట్ అనే ఆవిడ 1993లో అలాంటి లెక్కలన్నీ చూసి ఒక మాట రాసింది. అల్లరిచిల్లరగా తిరిగేవాళ్లు రెండు రకాలట. ఎక్కువమంది టీనేజీలో మొదలెట్టి, ఇరవైలు దాటేసరికి ఉద్యోగం, పెళ్లి అంటూ తమంతట తామే మానేస్తారు. చాలా కొద్దిమంది మాత్రం పసితనంలోనే మొదలెట్టి పెద్దయ్యాకా మానరు. మన గోడ మీద కూర్చునేవాళ్లలో అత్యధికులు మొదటి రకమే.

కార్యదర్శి: ఆ కొద్దిమంది సంగతేంటి? ఈ ఊళ్లో బ్లేడ్ బ్యాచ్ అన్న పేరు ఊరికే పుట్టిందా? పర్సు ఇవ్వనన్నవాణ్ని కోసేశాక, ‘ఇతను రెండో రకం’ అని మీ సైంటిస్టు చెబితే కోసిన గీత పోతుందా? మొదటి రకంవాడు మానేసేదాకా, అంటే ఐదారేళ్లు, నేను నిద్ర మానుకోవాలా? నాకు డెబ్బై దగ్గరపడుతున్నాయి. వాడు మారేలోపు నేనుండకపోవచ్చు.

లాయరు: నిద్ర మీ హక్కే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా శబ్దం చెయ్యకూడదని 2000 సంవత్సరంలోనే నిబంధనలొచ్చాయి. మోత చేసే బండికి మోటారు వాహనాల చట్టంలో మొదటి తప్పుకే పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మూడు నెలలు చెల్లదు. ఆ బండి నంబరు రాసివ్వండి. మొదటి సంతకం నాది.

కార్యదర్శి: నడిపేది మైనరైతే? మీ చట్టం వాణ్ని ముట్టుకోదు. పద్దెనిమిది నిండనివాడు ఏం చేసినా ఎఫ్.ఐ.ఆర్. లేదని కుర్రాళ్లకి మాకంటే ముందు తెలుసు. మొన్న ఒకడు నా ముఖం మీదే అన్నాడు, ‘తాతా, నేను జువెనైల్‌ని’ అని! ఆ ముక్క వాడికి ఎవరు నేర్పారో గానీ, ఇంటర్ ఇంగ్లీషు పేపరు మాత్రం తప్పాడు.

లాయరు: ఏం చేసినా కాదు. కనీస శిక్షే ఏడేళ్లు, అంతకు మించి ఉండే ఘోరమైన నేరమైతే ఎఫ్.ఐ.ఆర్. ఉంటుంది. పెద్దవాళ్లతో కలిసి చేసినా ఉంటుంది. పదహారు దాటినవాడు ఘోరమైనది చేస్తే, వాణ్ని పెద్దవాడిలా విచారించాలా అని మండలి తేలుస్తుంది. 2015 చట్టంలో అది కొత్తగా పెట్టారు, నిర్భయ ఘటన తర్వాత. మిగతావాటికి స్టేషన్ డైరీలో రాసి, పిల్లాడి ఇంటి పరిస్థితి నివేదిక తయారుచేసి, మండలికి పంపాలి. మండలి వాడి చేత సమాజ సేవ చేయించొచ్చు, తల్లిదండ్రులతో జరిమానా కట్టించొచ్చు, కౌన్సెలింగుకి పంపొచ్చు. ‘ముట్టుకోదు’ అన్నది నిజం కాదు.

కార్యదర్శి: కాగితం మీద.

లాయరు: కాగితం మీదే. అది ఒప్పుకుంటా. ప్రతి స్టేషన్‌లో పిల్లల కోసం ఒక అధికారి ఉండాలి. ఉంటారు కూడా. బందోబస్తు డ్యూటీలన్నీ అయ్యాక మిగిలిన టైములో ఆ పని చేస్తారు. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో తేలకపోతే, ఇంకో రెండు నెలలు చూసి మూసెయ్యాలి. అలా మూసేసినవి నేను మండలిలో ఉండగా చూశాను. కుర్రాడికి శిక్షా పడదు, దిద్దుబాటూ జరగదు.

(కార్యదర్శిగారి ముఖంలో గెలిచిన కళ కనిపించింది. నాకు మాత్రం ఈ గెలుపు ఆయనకి పనికొచ్చేదిగా అనిపించలేదు. చట్టం అమలు కాదంటే, అమలు చేయించమని అడగాలి. అమలు కానిదాన్ని ఒక ఫొటోతో భర్తీ చెయ్యడం కుదరదు.)

లాయరు: మనవరాలి సంగతి చెప్పండి. గోడ మీదవాళ్లు ఏమన్నారట?

కార్యదర్శి: చెప్పదు. వెనకాల ఎవడో బండేసుకుని నెమ్మదిగా వచ్చేవాడట, వాళ్లమ్మతో అందట. రెండుమూడుసార్లు.

లాయరు: అది అల్లరి కాదు బాబాయ్. వద్దన్నా వెంటపడటం భారతీయ న్యాయసంహితలో 78వ సెక్షన్. సైగలు, మాటలతో ఆడదాన్ని అవమానిస్తే 79. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. చేసినవాడు మైనరైతే మండలి లెక్కలో ‘చిన్న నేరం’ కిందికొస్తుంది...

కార్యదర్శి: చిన్న నేరమా!

లాయరు: మూడేళ్లకి మించని శిక్షలన్నీ ఆ ఖాతాలోకే వెళ్తాయి. పేరుకి చిన్నది, పిల్లకి కాదు. అందుకే మిగతావాటి కంటే ముందు ఇది రాయాలంటున్నా. పార్కుకి తాళం వేస్తే వాడు మెయిన్ రోడ్డు మీదికొస్తాడు, అంతే. పైగా పార్కు మూసేస్తే ముందు నష్టపోయేది మీ మనవరాలే. కుర్రాళ్లకి కాలువ గట్టుంది, టీ బడ్డీ ఉంది. ఆడపిల్లలకి ఈ కాలనీలో కూర్చునే చోటు ఇంకోటి చూపించండి. బండి ఎవరిది?

కార్యదర్శి: ... తెలియదు.

లాయరు: తెలుసు. గ్రూపులో పెట్టిన ఫొటోలో గోడ మీద ముగ్గురున్నారు. కుడిపక్క అంచున ఒక మోచెయ్యి కనిపిస్తోంది, చేతికి స్మార్ట్ వాచీ ఉంది. అసలు ఫొటోలో నలుగురు. నాలుగోవాణ్ని కత్తిరించింది ఎవరు బాబాయ్?

కార్యదర్శి: చూడమ్మా, ఆ అబ్బాయి... కోశాధికారిగారి అబ్బాయి. ఇంజినీరింగ్ సీటు వచ్చింది. భవిష్యత్తున్న పిల్లాడు. వాళ్ల నాన్నతో విడిగా మాట్లాడాను, ఇక చెయ్యడన్నారు.

లాయరు: మిగతా ముగ్గురి నాన్నలతో మాట్లాడారా?

కార్యదర్శి: ఒకతను ఆటోనగర్‌లో షెడ్డుకెళ్తాడు, రాత్రి పదికి గానీ రాడు. ఒక పిల్లాడికి నాన్న లేడు. ఇంకొకళ్లు సింగ్‌నగర్ వైపు నుంచి ఈమధ్యే వచ్చారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి ఇంట్లో సామానంతా పోయి ఇటు అద్దెకి దిగారు. నాకు వాళ్లతో పరిచయం లేదు.

లాయరు: సైలెన్సర్ లేని బండి ఆ ముగ్గురిలో ఎవరికీ లేదు. వాళ్లకి బండే లేదు. బండి నాలుగోవాడిది. సీటు వచ్చిందంటున్నారు, వాడికి పద్దెనిమిది నిండాయా? లైసెన్సుందా?

కార్యదర్శి: వచ్చే ఫిబ్రవరికి నిండుతాయి.

లాయరు: అయితే కేసు వాడి మీద కంటే ముందు వాళ్ల నాన్న మీద. మోటారు వాహనాల చట్టం 199ఎ, 2019లో చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికో, బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, పాతికవేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లొచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇది తీర్మానంలో ఎందుకు రాయలేదు?

కార్యదర్శి: తోటి కమిటీ మెంబరు మీద ఎలా రాస్తామమ్మా?

(ఆయన చెడ్డ మనిషి కాదు. ఏ కాలనీలోనైనా ఇదే జరుగుతుంది. నాన్న పరిచయమున్న పిల్లాడికి భవిష్యత్తు ఉంటుంది. పరిచయం లేని నాన్నల పిల్లలు ‘బ్యాచ్’ అవుతారు. ఈ సంవాదం రాయడానికి నాకు కారణం ఈ ఒక్క జవాబే.)

లాయరు: ఫొటో సంగతి కూడా వినండి. బాల నేరస్తుడిగా విచారణలో ఉన్న పిల్లాణ్ని ఎవరైనా గుర్తుపట్టేలా ఫొటోగానీ పేరుగానీ ఏ రూపంలో బయటపెట్టినా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బాలల న్యాయ చట్టం 74.

కార్యదర్శి: వాళ్ల మీద కేసే లేదుగా. విచారణ లేనప్పుడు నీ సెక్షన్ ఎలా అంటుకుంటుంది?

లాయరు: ఇప్పటికి అంటుకోదు. కానీ మీరే స్టేషన్‌కి వెళ్లి కేసు పెట్టించబోతున్నారు. పెట్టించిన మర్నాడు గ్రూపులో ఆ ఫొటో ఉంటే? ఎంతమంది ఫోన్లలో చేరిందో మీకు తెలుసా?

కార్యదర్శి: ఫొటో తీసేయమంటాను. సరే. ఇప్పుడు నా ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పు. పార్కుకి తాళం వద్దంటావు, స్టేషన్ వద్దంటావు. ఈ రాత్రికి నేనేం చెయ్యాలి? ‘పిల్లలకి ఆటస్థలం కావాలి, కౌన్సెలింగ్ కావాలి’ అని మాత్రం చెప్పకు. అవి వచ్చేసరికి వీళ్లు తాతలవుతారు. కార్పొరేషన్ కట్టిన లైబ్రరీ ఉంది, అందులో ఏనాడైనా ఈ మొహాలు చూశావా?

లాయరు: ఐస్‌లాండ్ అని ఒక దేశముంది. జనాభా మన బెజవాడలో సగం కూడా ఉండదు. 1998లో అక్కడ పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో 42 శాతం, అంతకుముందు నెలలో ఒక్కసారైనా తాగి తూలినవాళ్లు. 2016కి అది 5 శాతమైంది. ఎలా అంటే...

కార్యదర్శి: అదీ చదివానమ్మా, మా అల్లుడే పంపాడు. పదమూడు నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు చలికాలం రాత్రి పది తర్వాత బయట తిరగకూడదని పెట్టారు. సిగరెట్లకి పద్దెనిమిది, మందుకి ఇరవై ఏళ్లు నిండాలన్నారు. అంటే నా తీర్మానమే!

లాయరు: మీ అల్లుడు సగం పేజీ పంపినట్టున్నాడు. రాజధాని రేక్యవిక్‌లో ప్రతి పిల్లాడికీ ఆటకో, పాటకో, డాన్సుకో కట్టుకోమని ఏడాదికి 35 వేల క్రోనాల కార్డు ఇచ్చారు. సాయంత్రాలు తల్లిదండ్రులే జట్లుగా వీధుల్లో నడిచారు, పోలీసులు కాదు. బయట తిరగొద్దన్నదీ ఉంది, వెళ్లడానికి ఒక చోటు చూపించడమూ ఉంది. మీరు ఆరున్నర అంటున్నారు బాబాయ్. ఐస్‌లాండ్‌లో పది. మన కుర్రాళ్లు కాలేజీ నుంచి ఇంటికొచ్చేదే ఆరున్నరకి. పొద్దున్నుంచీ స్టడీ అవర్లు, గ్రౌండ్ లేని బిల్డింగు. గోడ ఎక్కేముందు వాళ్లకి దొరికిన ఖాళీ అదొక్కటే.

కార్యదర్శి: కాలేజీలకి గ్రౌండు లేదన్నది మాత్రం నిజం. మేం మునిసిపల్ స్కూల్లో చదివాం, గ్రౌండ్ ఉండేది. చీకటి పడేదాకా కబడ్డీ. దాన్ని ఎవడూ న్యూసెన్స్ అనలేదు. సరే, తొమ్మిది దాకా తెరిచి ఉంచుదాం. లైట్లు ముందు మన చందాలతో వేయిద్దాం. తొమ్మిది తర్వాత మాత్రం తాళమే. అందులో నేను తగ్గను.

లాయరు: నేనూ తగ్గమనను. ఇప్పుడు అసలుదానికి రండి. సీసాలు ఎక్కణ్నుంచి వచ్చాయి? కుర్రాళ్లకి గంజాయి పొట్లాలు ఎవరిస్తున్నారు?

కార్యదర్శి: (గొంతు తగ్గించి) నీకు తెలుసు. సందు చివర పాన్ షాపు.

లాయరు: మీ తీర్మానంలో పాన్ షాపు లేదు.

కార్యదర్శి: లేదు. ఎందుకు లేదో చెబుతా విను, దాచుకునేదేం లేదు. కుర్రాళ్ల మీద రాస్తే ఏమవుతుంది, మహా అయితే నాలుగు బూతులు తిడతారు. ఆ షాపు మీద రాస్తే? అతని వెనక ఎవరున్నారో నాకు తెలియదు. ఇంట్లో నేను, మీ పిన్ని, ఇద్దరమే. పిల్లలు బెంగుళూరులో. నా పేరు బయటికొస్తే అడ్డం పడేదెవరు? నువ్వొస్తావా?

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ఈ పిరికితనాన్ని నేను తప్పుపట్టలేను. కానీ తీర్మానం అలా ఎందుకు తయారైందో దీంతో తేలిపోయింది. భయం షాపువాడంటే. కాగితం రాసింది మాత్రం కుర్రాళ్ల మీద.)

లాయరు: వస్తాను. ముందు చట్టమెంత బలంగా ఉందో చూడండి. పద్దెనిమిది నిండనివాడికి సిగరెట్ అమ్మితే పొగాకు చట్టం కింద జరిమానా రెండొందల రూపాయలు. అందుకే ఎవడూ లెక్కచెయ్యడు. అదే పని బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద రాస్తే ఏడేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. మందు, గంజాయి ఇచ్చినా అదే. పిల్లాడి చేత పొట్లాలు మోయిస్తే 78, దానికీ ఏడేళ్లే. ఎఫ్.ఐ.ఆర్. లేని కుర్రాడి కోసం ఇంత తాపత్రయపడుతున్నారు, ఏడేళ్ల కేసున్న షాపు పక్కనుంచి రోజూ పాల ప్యాకెట్ తెస్తున్నారు.

కార్యదర్శి: పేరు బయటపడకుండా ఉండాలి.

లాయరు: గంజాయి మీద 1972కి ఫోన్ చెయ్యొచ్చు. మన రాష్ట్రంలో ‘ఈగల్’ విభాగం వాళ్లది. చెప్పినవాళ్ల పేరు బయటపెట్టబోమని వాళ్లే అంటున్నారు. ఫోన్ నేను చేస్తా. తర్వాత స్టేషన్‌లో ఇచ్చే కాగితం మీద మాత్రం ఒక్క పేరు ఉండకూడదు, ఇరవై ఇళ్ల సంతకాలుండాలి. ఇరవై ఇళ్ల కిటికీలూ ఎవడూ పగలగొట్టడు.

కార్యదర్శి: అలవాటు పడిపోయిన కుర్రాడు ఉంటే? ఆ నాన్న లేని పిల్లాడి కళ్లు నాకు బాగా కనిపించడం లేదు. వాళ్లమ్మ టిఫిన్ బండి దగ్గర పనిచేస్తుంది. అడగాలంటే మొహమాటంగా ఉంది.

లాయరు: ఇంతసేపటికి మీరన్న మంచి మాట ఇది. ప్రభుత్వాసుపత్రిలో డీ-అడిక్షన్ విభాగం ఉంది. తనంతట తాను చికిత్సకి వస్తే, కొద్ది మోతాదు వాడినందుకు కేసు లేకుండా రక్షణ ఉంది, మాదకద్రవ్యాల చట్టం 64ఎ. వాళ్లమ్మకి అది తెలియక దాస్తోంది. మీరు మొహమాటపడితే పిన్నిని పంపండి. నేనూ వెళ్తాను.

కార్యదర్శి: కోశాధికారితో?

లాయరు: మీరే మాట్లాడాలి. 199ఎ కాగితం మీద రాసిస్తాను. సైలెన్సర్ మార్పించి, బండి తాళం తన దగ్గర పెట్టుకుంటే సరి. మళ్లీ వీధిలో కనిపిస్తే నంబరు నేనే ఇస్తాను, కమిటీ మెంబరైనా సరే. మీ మనవరాలి విషయం మాత్రం సర్దుబాటు కాదు. తను ఇష్టపడితే నేను పక్కన కూర్చుని ఫిర్యాదు రాయిస్తా.

కార్యదర్శి: భవిష్యత్తున్న పిల్లాడమ్మా...

లాయరు: తనకీ ఉంది, బాబాయ్.

ఆ తర్వాత జరిగింది ఇది. ఫొటో గ్రూపులోంచి తీసేశారు. పార్కు రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటోంది. లైట్లు సంఘం చందాలతోనే వేశారు, బిల్లు కార్పొరేషన్‌కి పంపారు. పేర్లిచ్చి పిలిపించమన్న రెండో ముక్క మీద కమిటీ రెండుగా చీలింది, తేలలేదు. సైలెన్సర్ మారింది. టిఫిన్ బండి దగ్గరికి ఇద్దరాడవాళ్లు వెళ్లొచ్చారు. ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

నా మాట ఏదంటే, కార్యదర్శిగారి నిద్ర దగ్గర నేను ఆయన వైపే. నెమ్మదిగా మారతారులే అని ముసలివాళ్లకి చెప్పే హక్కు ఎవరికీ లేదు. మిగతా అన్నింటిలోనూ లాయరమ్మ వైపు. ముఖ్యంగా, బరువైన శిక్షలన్నీ చట్టం పెద్దవాళ్లకే పెట్టిందన్న దగ్గర. బండి తాళం ఇచ్చిన తండ్రికి మూడేళ్లు, పొట్లం ఇచ్చిన షాపువాడికి ఏడేళ్లు. వాళ్లని వదిలేసి గోడ మీద కుర్రాళ్లని లెక్కపెట్టే సంఘానికి నేను చందా ఇవ్వను.

పాన్ షాపు మీద కాగితం సంతకాల కోసం ఆ కాలనీలో ఇంకా ఇల్లిల్లూ తిరుగుతోంది. మీ వీధిలోనూ అలాంటి షాపు ఒకటి ఉండే ఉంటుంది. మీ దగ్గరికి కాగితం వస్తే పేరు రాసి సంతకం పెట్టండి. పెట్టడానికి జంకు అయితే ఆంధ్రాలో 1972కి, తెలంగాణలో 1908కి ఫోన్ చెయ్యండి. ఆకాశరామన్న ఉత్తరాలు మాత్రం రాయకండి. అవి ఎప్పుడూ కుర్రాళ్ల మీదే ఉంటాయి.